కొరియర్ పనికి ఈకో కార్గో: పర్లాకిమిడి, గుణుపురం దారుల్లో కొన్నేళ్ల వాడకం తర్వాత

కొరియర్ పని మొదలుపెట్టేవాళ్లు వ్యాన్ చూడ్డానికి వెళ్తే ముందు అడిగేది "ఎంత బరువు లాగుతుంది?" అని. ఈ పనిలో బరువు చివరి సంగతి. బండి పక్కనుంచి తెరుచుకుంటుందా, లోపలి నేల ఎంత ఎత్తులో ఉంది, వానలో సరుకు పొడిగా ఉంటుందా అన్న మూడూ ముందు చూడాలి. ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి కాశీనగరం, గుణుపురం, అప్పుడప్పుడు రాయగడ దాకా, ఇటు సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నం, టెక్కలి వైపు మారుతి ఈకో కార్గో పెట్రోలు బండిని కొన్నేళ్లుగా పార్సిళ్లకే తిప్పిన మీదట రాస్తున్నాను. ఏ పనికి సరిపోతుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది, దేనికి ముందే డబ్బు పక్కన పెట్టుకోవాలి అన్నవే ఇందులో ఉంటాయి.

బరువు ఎందుకు చివరి సంగతి అన్నానో లెక్క వేసి చూపిస్తాను. ఆన్‌లైన్‌లో కొన్న సరుకు వచ్చే మధ్యరకం అట్టపెట్టె 45 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 40 ఎత్తు ఉంటుంది అనుకోండి. గుణిస్తే 81,000 ఘన సెంటీమీటర్లు. కొరియర్ లెక్కలో దాన్ని 5,000తో భాగిస్తే 16.2 కిలోల "ఘనపరిమాణ బరువు" వస్తుంది. త్రాసు మీద పెడితే అసలు బరువు నాలుగైదు కిలోలు మించదు. ఇప్పుడు మారుతి సూపర్ క్యారీ లాంటి మినీ ట్రక్కు తొట్టి తీసుకోండి: 2,183 మిల్లీమీటర్ల పొడవు, 1,488 వెడల్పు. దాని మీద మీటరున్నర ఎత్తు పెట్టె బాడీ కట్టి అంచుల దాకా నింపినా ఇలాంటి అట్టపెట్టెలు ఘనపరిమాణం లెక్కలో అరవై మించవు. ఐదేసి కిలోల చొప్పున 300 కిలోలు. పెట్రోలు సూపర్ క్యారీ మోయగలిగింది 740 కిలోలు. అంటే సగం బరువు కూడా ఎక్కకముందే చోటు అయిపోయింది. కొరియర్ బండి గాలితో నిండుతుంది గానీ బరువుతో కాదు. టన్నుల లెక్క చూసి పెద్ద బండి కొన్నవాళ్లు ఆ తేడాకు నెలనెలా వాయిదా కడుతూనే ఉంటారు.

ఈ మాట ఇళ్లకు, దుకాణాలకు పార్సిళ్లు పంచే పనికే. మందుల డిస్ట్రిబ్యూటర్ పెట్టెలు, ఎరువుల నమూనాలు, మోటారు పంపులు, టైర్లు కలిసి వచ్చే ట్రాన్స్‌పోర్టు పని అయితే లెక్క తిరగబడుతుంది. రోజూ సగం సరుకు యాభై కిలోల బస్తాలే అయితే ఈకో వైపు చూడొద్దు. టాటా ఏస్ గోల్డ్ గానీ సూపర్ క్యారీ గానీ తీసుకోండి. ఏస్ గోల్డ్ పెట్రోలు తొట్టి 2,200 మిల్లీమీటర్ల పొడవు, 1,490 వెడల్పు, పేలోడ్ (మోయగల సరుకు బరువు) 750 కిలోలు, ఇంజన్ 694 సీసీ, రెండు సిలిండర్లు. ముందూ వెనకా కమాను పట్టీలే. బస్తాలు వేస్తే కిమ్మనదు. ఖాళీగా పోతే మాత్రం ఎగిరెగిరి పడుతుంది. గాజు సామాను, టీవీలు, చవక ప్లాస్టిక్ డబ్బాల్లో వచ్చే మిక్సీలు ఆ ఎగురుడికి దెబ్బతింటాయి. సూపర్ క్యారీకి, ఈకోకి ఇంజన్ 1,197 సీసీయే, నాలుగు సిలిండర్లది. ఎక్కుడు రోడ్లలో ఆ తేడా కాలికి తెలుస్తుంది.

తొట్టి బండి కొని తర్వాత మూత బాడీ కట్టించుకుందాం అనుకునేవాళ్లకు రెండు మాటలు. బాడీ బరువు పేలోడ్‌లోంచే పోతుంది. రెండోది, ఆర్‌సీలో బాడీ రకం మారినట్టు ఆర్టీఓ దగ్గర రాయించుకోకపోతే ఫిట్‌నెస్‌కి వెళ్లినప్పుడు ఆపేస్తారు. బరకం కప్పి తాళ్లు కట్టి నడిపేవాళ్లూ ఉన్నారు. ప్రతి ఇంటి దగ్గరా తాడు విప్పి, పార్సిలు వెతికి, మళ్లీ కట్టాలి. బజారులో ఆ పని అయ్యేది కాదు, వెనక ఉన్న సరుకు మీద కన్ను వేసి ఉంచడం అంతకన్నా కాదు.

తలుపులు, నేల

ఈకో కార్గోకి రెండు వైపులా జారుడు తలుపులు, వెనక పైకి లేచే తలుపు ఉన్నాయి. పర్లాకిమిడి పాత వీధుల్లో గోడ వారన ఆపాలి. బయటికి తెరుచుకునే తలుపుకి అక్కడ చోటుండదు, జారుడు తలుపుకి జానెడు చాలు. నేల మోకాలికి కాస్త పైన ఉంటుంది కాబట్టి పార్సిలు తీయడానికి ఎక్కి దిగక్కర్లేదు, నిలబడి చెయ్యి చాపితే సరిపోతుంది. ఒక్కో ఇంటి దగ్గర అర నిమిషం మిగిలినా డెబ్బై ఇళ్లకు అరగంట పైన కలిసొస్తుంది. సాయంత్రం ఆ అరగంటలోనే, తలుపు తాళం వేసిపోయిన ఇళ్లకు మళ్లీ వెళ్లి రావచ్చు.

బండి కొలతలు కూడా వీధులకు తగ్గట్టే ఉన్నాయి. పొడవు 3,675 మిల్లీమీటర్లు, వెడల్పు 1,475, తిరుగుడు వ్యాసార్ధం 4.5 మీటర్లు. రెండు రిక్షాలు పట్టని సందులోకి ఇది కూడా పట్టదు. అక్కడ బండి సందు మొదట్లో ఆపి, మడత ట్రాలీతో లోపలికి నడవడమే.

లోపల నిలబడలేం. రోజంతా వంగి వెతికితే నడుము పట్టేస్తుంది. దీనికి మందు ర్యాకే. అంగడిలో దొరికే స్లాటెడ్ యాంగిల్‌తో (రంధ్రాలున్న ఇనప పట్టీలతో) కుడివైపు గోడ వెంట రెండు అరల ర్యాకు కట్టించండి. అర లోతు 40 సెంటీమీటర్లు దాటొద్దు, దాటితే వెనక పడ్డ పార్సిలు కనిపించదు. ప్రతి అర ముందూ నాలుగు వేళ్ల ఎత్తున అడ్డపట్టీ ఉండాలి, లేకపోతే మొదటి మలుపులోనే అన్నీ నేల మీదుంటాయి. యాంగిల్‌ని బాడీ రేకుకు స్క్రూలు కొట్టి బిగించే షెడ్లు ఉన్నాయి, వద్దని గట్టిగా చెప్పండి. స్క్రూ దిగిన చోట పెయింటు పోతుంది, తొలి వానకే తుప్పు మొదలవుతుంది. నేల మీద ఉన్న సీటు బోల్టు రంధ్రాలకు, పైన హ్యాండిల్ బోల్టులకు కలిపి బిగిస్తే చాలు. ర్యాకు కట్టిస్తే కుడి జారుడు తలుపు దాదాపు మూసుకుపోయినట్టే. రోడ్డువైపు తలుపు అది, వాడకపోవడమే మేలు.

నేల మీద 12 మిల్లీమీటర్ల బీడబ్ల్యూఆర్ (నీటిని తట్టుకునే రకం) ప్లైవుడ్ పరిచి, దాని మీద గీతల రబ్బరు మ్యాటు వేయాలి. వట్టి రేకు మీద పెట్టెలు జారతాయి, రేకు అరుగుతుంది. ప్లైవుడ్ అంచులకు పెయింటు కొట్టడం మరిచిపోతే నీరు అక్కడి నుంచే పీల్చుకుని పొరలు విడిపోతాయి. డ్రైవరు సీటు వెనక ఇనప జాలీ తప్పనిసరి. సడన్ బ్రేకు వేస్తే పది కిలోల పెట్టె నేరుగా మెడ మీదికి వస్తుంది.

సరుకు వేసే తీరు గురించి ఒక మాట. చివర దిగే పార్సిలు ముందు ఎక్కాలని అందరికీ తెలుసు. సరిహద్దులో దానికి ఇంకోటి కలుస్తుంది. 761200 పర్లాకిమిడి పిన్‌కోడు, 765022 గుణుపురం, 532213 పాతపట్నం. ఈ మూడూ కలిసి ఒకే బండిలో పోతాయి గానీ ఒకే అరలో ఉండకూడదు. పాతపట్నం పార్సిళ్లది వేరే రాష్ట్రం, వాటి కాగితాలు వేరు. చెక్‌పోస్టులో బండి ఆపి అడిగితే ఆ అర ఒక్కటీ చూపించగలగాలి. లేబుళ్లలో కొన్ని ఒడియా లిపిలో వస్తాయి. హెల్పరుకి ఒడియా, తెలుగు రెండూ చదవడం వస్తే పొద్దున సార్టింగు సగం టైములో అయిపోతుంది. మనిషిని పెట్టుకునేటప్పుడు బలం కన్నా ఇది ముందు చూడండి.

ఏవి అరుగుతాయి, ఎందుకు

జారుడు తలుపు రోజుకు వందసార్లకు పైగా తెరిచి మూస్తాం. ఇంటి వాడకానికి చేసిన తలుపు మీద అది మామూలు భారం కాదు. తలుపు మూడు రోలర్ల మీద జారుతుంది: పైన ఒకటి, కింద ఒకటి, మధ్య బయటి పట్టాలో ఒకటి. గుణుపురం వైపు ఎర్రదుమ్ము ఎక్కువ. అది కింది పట్టాలో గ్రీజుతో కలిసి గట్టి ముద్దలా తయారవుతుంది. రోలరు దాని మీద ఎక్కి దిగుతుంటే తలుపు చివర్లో రెండు మిల్లీమీటర్లు మిగిలిపోతుంది. చప్పుడు వినిపిస్తుంది కాబట్టి లాక్ పడిందనే అనుకుంటాం, సగమే పడి ఉంటుంది. గతుకుల్లో తలుపు దానంతట అదే తెరుచుకునేది ఇందుకే. అది కనిపించగానే షెడ్డుకు పోయి కొత్త లాక్ వేయించేస్తారు చాలామంది. అక్కర్లేదు. పాత టూత్‌బ్రష్‌ని కిరోసిన్‌లో ముంచి పట్టా అంతా గీకి, బట్టతో తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే పల్చగా కొట్టండి. గ్రీజు పెట్టొద్దు, దుమ్మును పట్టి ఉంచేది అదే. ఎండాకాలం పదిహేను రోజులకోసారి, వానాకాలం వారానికోసారి ఇది చేస్తే రోలర్లు చాలాకాలం వస్తాయి. తలుపును కొంచెం పైకెత్తి చూడండి. పైకీ కిందకీ ఆట ఉందంటే రోలరు బుష్ అయిపోయింది, మార్చాల్సిందే.

వాన నీరు లోపలికి వచ్చే చోట్లు మూడు: వెనక తలుపు పై బీడింగు, వెనక లైట్ల గూళ్లు, కప్పు మీద అంచు గాడి. బీడింగు ఎండకు గట్టిపడి ఒక చోట చదునైపోతుంది, నీరు ఆ చోటినుంచే కారుతుంది. ఒకరు లోపల టార్చితో కూర్చుని ఇంకొకరు బయట పైపుతో నీళ్లు కొడితే ఎక్కడ కారుతోందో ఐదు నిమిషాల్లో తెలుస్తుంది. ఇది జూన్ రాకముందే చేయాలి. తడిసిన పార్సిలుకి నష్టం మన లెక్కలోంచే కోస్తారు. ఎలక్ట్రానిక్స్‌ని ఎప్పుడూ నేల మీద పెట్టొద్దు, పై అరే వాటి చోటు.

క్లచ్చి. పంపిణీ పని అంటే ఆగడం, కదలడం. హైవే మీద లక్ష కిలోమీటర్లు వచ్చే క్లచ్చి ప్లేటు ఈ పనిలో అందులో సగం వచ్చినా సంతోషించాలి. సగం నొక్కి పట్టుకుని ఎత్తు మీద బండి నిలబెట్టడం దాన్ని అన్నిటికన్నా వేగంగా తినేస్తుంది. హ్యాండ్ బ్రేకు వేసి నిలబెట్టండి. మూడో గేరులో ఎక్కుడు రోడ్డు మీద యాక్సిలరేటరు తొక్కితే ఇంజన్ అరుస్తూ వేగం పెరగకపోతే ప్లేటు జారుతోందని అర్థం. అప్పుడే మార్చేయండి. ఇంకొన్నాళ్లు లాగితే ప్రెషర్ ప్లేటు, ఫ్లైవీల్ కూడా కాలి ఖర్చు రెట్టింపవుతుంది. మార్చేటప్పుడు రిలీజ్ బేరింగ్ కూడా కలిపి మార్చాలి, గేరుబాక్సు దించే కూలి ఎటూ ఒకటే.

వెనక సస్పెన్షన్ గురించి తెలుసుకుని కొనండి. ఈకో వెనక కాయిల్ స్ప్రింగులు, ఏస్ లాగా కమాను పట్టీలు కావు. పార్సిళ్లకు ఇది మంచిదే, ఎగురుడు తక్కువ. బస్తాలకు చెడ్డది. మళ్లీ మళ్లీ అధిక బరువు వేస్తే స్ప్రింగు కూర్చుండిపోతుంది, ఖాళీ బండి కూడా వెనక వంగి కనిపిస్తుంది. సమతలం మీద ఆపి ఒక్కో వెనక చక్రం నడిబొడ్డు నుంచి దాని పైనున్న ఫెండరు అంచు దాకా టేపుతో కొలవండి. కొన్నప్పుడు కొలిచి రాసి పెట్టుకుంటే తర్వాత తేడా పట్టుకోవచ్చు. రెండు వైపులా తేడా వేలెడు దాటితే స్ప్రింగులు జతగానే మార్చాలి.

వెనక బ్రేకులు డ్రమ్ములు. దుమ్ము డ్రమ్ములో చేరి కీచుమంటుంది, లైనింగు వేగంగా అరుగుతుంది. పదివేల కిలోమీటర్లకోసారి డ్రమ్ములు విప్పి గాలి కొట్టించి, సర్దుబాటు చేయించండి. హ్యాండ్ బ్రేకు లివరు మరీ పైకి లేస్తోందంటే ముందు వెనక లైనింగు చూడాలి, కేబులు బిగించడం తర్వాత. బ్రేకు ఆయిలు రెండేళ్లకోసారి మార్చాలి, నీరు పీల్చుకుంటుంది. ఉదయగిరి ఘాటీ లాంటి దిగుడులో పాత ఆయిలు మరిగితే పెడల్ కిందికి దిగిపోతుంది.

ఇంజన్ ముందు సీట్ల కింద ఉంటుంది. సర్వీసుకు సీటు పైకెత్తాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం సీటు కింద వేడి తెలుస్తుంది. సీటు కింద ఉన్న వేడి తట్టు షీటు సర్వీసులో తీసినవాళ్లు మళ్లీ బిగించకుండా వదిలేస్తుంటారు, బండి తీసుకునేటప్పుడు చూసుకోండి. కూలెంటు మట్టం వారానికోసారి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు. వట్టి నీళ్లు పోయొద్దు.

ఆయిలు కంపెనీ చెప్పేది పదివేల కిలోమీటర్లకో ఏడాదికో. ఇంజన్ ఆపకుండా ఇంటింటికీ ఆగే బండికి మీటరు తక్కువ చూపిస్తుంది గానీ ఇంజన్ తిరిగిన గంటలు ఎక్కువ. ఏడు వేలకు మారిస్తే ఇంజన్ నిశ్శబ్దంగానే ఉంటుంది. గాలి ఫిల్టరు అంతకన్నా ముందే చూడాలి. టికిరి, కాశీపురం వైపు బాక్సైటు టిప్పర్ల వెనక రోజూ పోయే బండికి అది మూడు నాలుగు వేలకే ఎర్రబడిపోతుంది. మైలేజీ పడిపోయిందంటే ముందు దాన్ని తీసి చూడండి.

మైలేజీ అంటే ఒక్క అంకె చెప్పడం కుదరదు. బజారులో ఆగుతూ పోతే లీటరుకు 13–14, టెక్కలి దాటి పదహారో నంబరు జాతీయ రహదారి మీద 60 దగ్గర నిలకడగా పోతే 16–17. రవాణా బండి కాబట్టి 80 దగ్గర వేగం ఆగిపోతుంది. పంపిణీ పనికి దానివల్ల లోటేమీ లేదు.

ఘాటీ, బురద, గెడ్డ

2022 నవంబరులో వచ్చిన కొత్త కె-సిరీస్ డ్యుయల్ జెట్ ఇంజన్‌కి 6,000 ఆర్‌పీఎం దగ్గర 80.76 పీఎస్, 3,000 దగ్గర 104.4 న్యూటన్ మీటర్ల టార్క్ ఉన్నాయి. నరసన్నపేట నుంచి పాతపట్నం, పర్లాకిమిడి, ఆర్.ఉదయగిరి మీదుగా మోహన పోయే 326ఏ రోడ్డులో కొండ ఎక్కేటప్పుడు ఈ బలం చాలు. పార్సిళ్ల బరువుతో రెండో గేరు అడిగే చోట్లు కొన్నే. దిగేటప్పుడు మాత్రం, ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. న్యూట్రల్‌లో వదిలి పెట్రోలు మిగిలిందనుకునేవాళ్లు బ్రేకు లైనింగుల రూపంలో అంతకు రెట్టింపు కడతారు.

వెనక చక్రాలు తిరిగే బండి ఇది. సరుకు ఉన్నప్పుడు బరువు వెనక చక్రాల మీద పడి పట్టు బాగుంటుంది. సాయంత్రం ఖాళీ అయ్యాక తడి మట్టిలో వెనక చక్రం ఊరికే తిరుగుతుంది. రిటర్ను పార్సిళ్లను వెనక ఇరుసు మీదికి సర్దండి, రెండో గేరులో మెల్లగా కదపండి. స్టెప్నీ, జాకీ, వీల్ స్పానరుతోపాటు రెండడుగుల పాత గోనెపట్టాలు రెండు ఎప్పుడూ బండిలో ఉంచండి. నేల నుంచి ఎత్తు 160 మిల్లీమీటర్లే, ట్రాక్టరు తొక్కిన గాడుల్లో దిగితే కడుపు ఆనుతుంది.

వంశధార పొంగితే, గెడ్డలు (వాగులు) రోడ్డెక్కితే కొలత ఒక్కటే: నీరు చక్రం మధ్య బోల్టు దాకా వచ్చిందంటే దిగొద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను ఎలా ముంచిందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. పొరపాటున అంత లోతు దాటాల్సి వస్తే మర్నాడే డిఫరెన్షియల్ (వెనక ఇరుసులోని గేర్ల) ఆయిలు చూపించండి. వేడెక్కిన ఇరుసు చల్లటి నీళ్లలో పడితే లోపలి గాలి ముడుచుకుని గాలిగొట్టం గుండా నీటిని లోపలికి లాగుతుంది. ఆయిలు పాలలా తెల్లగా ఉంటే వెంటనే మార్చాలి, లేదంటే పళ్లు అరిగి వెనకనుంచి ఊళ పుడుతుంది, అప్పుడు వేలల్లో ఖర్చు.

సీఎన్‌జీ తీసుకోవాలా

ముందు మీ రోజువారీ దారిలో బంకు ఉందో లేదో బండేసుకుని వెళ్లి చూడండి, మ్యాపులో చూసి కాదు. బరంపురం, ఛత్రపురం వైపు తిరిగేవాళ్ల లెక్క వేరు, కొండ మీద ఊళ్లకు పోయేవాళ్ల లెక్క వేరు. గ్యాసు కోసం రోజూ ఇరవై కిలోమీటర్లు పక్కకు పోయి వరసలో నిలబడితే మిగిలేదేమీ ఉండదు. సిలిండరు బరువు, చోటు రెండూ తింటుంది. సూపర్ క్యారీలో పెట్రోలుకి 740 కిలోలున్న పేలోడ్ సీఎన్‌జీకి 625కి దిగుతుంది. ఈకోలోనూ గ్యాసు మీద ఇంజన్ బలం 71.65 పీఎస్‌కి, టార్క్ 95కి తగ్గుతాయి. ఘాటీలో ఇది తెలుస్తుంది. సిలిండరుకి మూడేళ్లకోసారి హైడ్రో పరీక్ష చేయించి ప్లేటు వేయించుకోవాలి. సెకండ్ హ్యాండులో కొనేటప్పుడు ఆ ప్లేటు మీద తేదీ తప్పక చదవండి. బరంపురం హబ్ (పెద్ద బండ్ల సరుకు విడదీసే కేంద్రం) నుంచి ఇచ్ఛాపురం, సోంపేట వైపు చదును రోడ్డు మీద రోజూ నూరు కిలోమీటర్లు దాటే పని అయితే సీఎన్‌జీ లాభమే. పర్లాకిమిడి–గుణుపురం దారికి నేను పెట్రోలే అంటాను.

డబ్బు లెక్క

ఒప్పందం మీద సంతకం పెట్టకముందు వేయాల్సిన లెక్క ఇది. అప్పు 4,50,000, వడ్డీ ఏటా 11 శాతం, ఐదేళ్లు అనుకుంటే నెల వాయిదా 9,800 దగ్గర. రోజుకు 80 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు అంటే 2,000 కిలోమీటర్లు. లీటరుకు 14 చొప్పున 143 లీటర్లు, లీటరు 105 రూపాయలు వేసుకుంటే 15,000. సరుకు రవాణా బండికి, 7,500 కిలోల లోపు బరువుదైతే, 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన థర్డ్ పార్టీ ప్రీమియమే 16,049. దానికి సొంత నష్టం భాగం, పన్ను కలిపి నెలకు 2,000 పక్కన పెట్టాలి. టైర్లకు 800. సర్వీసు, క్లచ్చి, బ్రేకులకు కలిపి 2,500. మొత్తం 30,100. రోజుకు 70 పార్సిళ్లు దించితే నెలకు 1,750. పార్సిలుకి 17 రూపాయల పైన బండికే పోతుంది. మీ కూలి, హెల్పరు జీతం దీని తర్వాతే. పార్సిలుకి ఇంత అని ఒప్పందం మాట్లాడేటప్పుడు ఈ 17 మనసులో ఉండాలి.

నెల అద్దె పద్ధతి ఒప్పందమైతే మూడు అడగండి. ఎన్ని కిలోమీటర్ల దాకా ఆ అద్దె, దాటితే కిలోమీటరుకు ఎంత? తలుపు తాళం వేసి ఉంటే వెళ్లిన ట్రిప్పుకు డబ్బు ఇస్తారా? వెనక్కి తెచ్చిన పార్సిలుకి ఇస్తారా? కొండ ఊళ్లలో ఫోను సిగ్నలు లేక తిరిగొచ్చేవి తక్కువేం కావు. ఈ మూడింటికీ కాగితం మీద జవాబు లేకపోతే ఏ బండి కొన్నా గిట్టదు. పండగ నెలల్లో సరుకు రెట్టింపు వస్తుంది. ఆ నాలుగు వారాల కోసం పెద్ద బండి కొనొద్దు, ట్రాలీ ఆటో రోజువారీ అద్దెకు పెట్టుకుంటే సరి. బీమాలో ఒకటి గుర్తుంచుకోండి. బండి పాలసీ బండికే, లోపలి సరుకుకి కాదు. సరుకు పాలసీ వేరుగా తీసుకోవాలి, లేదా అది కంపెనీ బాధ్యత అని ఒప్పందంలో రాయించుకోవాలి.

సరిహద్దు కాగితాలు

మొత్తం బరువు 3,000 కిలోల లోపు సరుకు బండికి మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. పర్మిట్ అక్కర్లేదంటే ట్యాక్సు అక్కర్లేదని కాదు. ఒడిశా నంబరు బండితో ఆంధ్రలోకి పోయేముందు పరివాహన్ సైటులో చెక్‌పోస్టు ట్యాక్సు సంగతి చూసి, కట్టాల్సి ఉంటే కట్టి రసీదు ఫోనులో పెట్టుకోండి. రోజూ దాటే పని అయితే ఎక్కువ కాలానికి కట్టడం కుదురుతుందేమో ఆర్టీఓ ఆఫీసులో అడగండి.

సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (జీఎస్టీ కింద సరుకు వెంట ఉండాల్సిన ఆన్‌లైన్ కాగితం) కావాలి. పర్లాకిమిడి, పాతపట్నం పక్కపక్కనే ఉన్నా రాష్ట్రాలు వేరు కాబట్టి ఒకే రాష్ట్రంలో తక్కువ దూరానికి ఉండే వెసులుబాటు మనకు వర్తించదు. పెద్ద బండి నుంచి మీ వ్యాన్‌లోకి సరుకు మారితే ఆ బిల్లు పార్ట్-బిలో (బండి వివరాల భాగంలో) మీ బండి నంబరు పడాలి. హబ్‌లో ఇది మరిచిపోవడం రివాజు. సరుకు ఎక్కకముందే నంబరు చూసుకోండి, రోడ్డు మీద జవాబు చెప్పాల్సింది డ్రైవరే. 2021 జనవరి నుంచి ఆ బిల్లుకి 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు.

కొత్త బండి ఫిట్‌నెస్ మొదట రెండేళ్లకు, ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి. లైసెన్సు విషయంలో 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చేసింది: ఎల్ఎంవీ (తేలికపాటి వాహనం) లైసెన్సు ఉంటే 7,500 కిలోల లోపు రవాణా బండి నడపొచ్చు, వేరే ముద్ర అక్కర్లేదు. ఇంకా పాత మాటే చెప్పి డబ్బడిగే బ్రోకర్లు ఉన్నారు, ఇవ్వొద్దు.

సెకండ్ హ్యాండ్ అయితే

విశాఖపట్నం, విజయనగరం నుంచి ఆంధ్ర నంబరు బండి తెచ్చుకోవడం ఇక్కడ మామూలే, ధర తక్కువ వస్తుంది. అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం), పేరు మార్పుకి 29, 30, అప్పు తీరిపోయి ఉంటే బ్యాంకు ఇచ్చే 35 తీసుకున్నాకే పూర్తి డబ్బు ఇవ్వండి. పన్నెండు నెలల్లోపు ఒడిశా నంబరు వేయించాలి, ఇక్కడి ట్యాక్సు మళ్లీ కట్టాలి. ఆ మొత్తం కలుపుకున్నాక కూడా ధర తక్కువగా ఉంటేనే లాభం. ప్రైవేటు నంబరుతో తిరిగిన ఐదు సీట్ల ఈకోని సీట్లు పీకేసి కొరియర్‌కి పెట్టొద్దు. ప్రమాదం జరిగిన రోజు బీమా కంపెనీ మొదట చూసేది తెల్ల ప్లేటునే.

బండి చూసేటప్పుడు మ్యాటు ఎత్తి నేల రేకు చూడండి. సముద్రం పక్క ఊళ్లలో తిరిగిన బండికి తుప్పు నేల అంచుల్లో, చక్రాల గూళ్లలో ముందు వస్తుంది. రెండు జారుడు తలుపులూ ఒక్క వేలితో లాగి చూడండి. సీటు ఎత్తి ఇంజన్ చుట్టూ ఆయిలు చెమ్మ, కూలెంటు రంగు చూడండి. 40 వేగంలో యాక్సిలరేటరు ఒక్కసారిగా వదిలి మళ్లీ తొక్కితే వెనక "టక్కు" మంటే ప్రొపెల్లర్ షాఫ్టు (ఇంజన్ బలాన్ని వెనక ఇరుసుకు చేర్చే కడ్డీ) జాయింట్లు అరిగాయి, ధరలో అది తగ్గించమనండి. స్ప్రింగు ఎత్తు టేపుతో కొలవండి. అంతా బాగుందనిపిస్తే ఐదుగురిని వెనక కూర్చోబెట్టి ఏదైనా ఎత్తు మీద ఆపి, హ్యాండ్ బ్రేకు మీద నిలబెట్టి, ఒకటో గేరులో కదపండి. క్లచ్చి, బ్రేకు, ఇంజన్ మూడూ అక్కడే బయటపడతాయి. అమ్మేవాడు ఆ పరీక్షకు ఒప్పుకోకపోతే ఇంకో బండి చూసుకోండి.